ఎడమ పెడలు

బయల్దేరే ముందు ఆమె రెండుసార్లు చెప్పింది. ఒకసారి అద్దం ముందు జడ వేసుకుంటూ, ఇంకోసారి గుమ్మంలో చెప్పులేసుకుంటూ.

"గాలి కొట్టు. పంచర్లు వెయ్యి. చైన్లకి నూనె పెట్టు. పెడళ్ళ జోలికీ, క్రాంకుల జోలికీ మాత్రం పోకు. రెండింటికల్లా వచ్చేస్తాను."

"ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి నేను," అన్నాడు మేస్త్రి.

"ఇరవై ఆరు. ఆ తర్వాత నాలుగూ నావి," అంది ఆమె నవ్వుతూ. ఆపరేషనయిన చెల్లెలి దగ్గర కూర్చోవడానికి ఆసుపత్రికి పోతోంది. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, వేలు చూపించి బెదిరించి మరీ వెళ్ళింది.

నవ్వుతూ అన్న మాటే. అయినా పొద్దుటంతా అతని చెవిలో అదే మోగింది.

సైకిలు కొట్టు చిన్నది, దాని వెనకే ఇల్లు. మధ్యలో వేలాడే నీలం దుప్పటి దాన్ని రెండు చేసింది. దుప్పటికి ఇవతల స్టూలు, గాలిపంపు, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి, మేస్త్రి. అవతల వైసు బిగించిన చెక్కబల్ల, కిరసనాయిలు పళ్ళెం, సుత్తులు, ఆకురాళ్ళు, పాత సామాన్ల డబ్బాలు, ఆమె. ఎవరన్నా సైకిలు తీసుకొస్తే మేస్త్రి దాన్ని స్టాండెక్కించి, పెడలు గిర్రున తిప్పి, తల ఓ పక్కకి వంచి ఆ చప్పుడు విని, నాడి చూసిన వైద్యుడిలా "ఊఁ, సాయంత్రం రండి," అనేవాడు. తర్వాత సైకిలు దుప్పటి వెనక్కి వెళ్ళేది. సాయంత్రానికి బాగుపడి బయటికొచ్చేది. మేస్త్రి చెయ్యి పడితే ఏడాది దాకా చూసుకోనక్కర్లేదని వీధంతా చెప్పుకునేవాళ్ళు. ఆ చేతి వేళ్ళ కొసలకి నాలుగేళ్ళుగా స్పర్శ లేదన్న సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరికే తెలుసు, షుగరు డాక్టర్ని కూడా లెక్కేస్తే ముగ్గురికి. దుప్పటి కట్టిందీ ఆమే. "ఆడదాని చేతికి బండి ఎవరిస్తారు? నువ్వు ముందు కూర్చో, నేను వెనక చేస్తాను," అంది. కాదనడానికి అతనేమీ పెద్దగా శ్రమపడలేదు.

పదింటికి రొట్టెలాయన వచ్చాడు. పొద్దున్నా సాయంత్రం ఇంటింటికీ రొట్టెలు వేసే మనిషి. ఆయన భార్య మేస్త్రిని అన్నయ్యా అంటుంది కాబట్టి ఆయన బావా అంటాడు. అంతకు మించి చుట్టరికమేమీ లేదు. సైకిలు ఎడమ పెడలు రబ్బర్లు ఊడిపోయి, ఇరుసు వంగి, ఒట్టి ఇనపచువ్వలా మిగిలింది.

"దీని సంగతి చూడు బావా. నాలుగు రోజులుగా ఒంటికాలితో తొక్కుతున్నాను. కొత్త జత కొనే పని పెట్టకు తండ్రీ, పాతవాటిలో ఒకటి చూసి వెయ్యి. నాలుగింటికొస్తాను, సాయంత్రం రొట్టెలకి వెళ్ళాలి."

"నాలుగింటికా..." అని నసిగాడు మేస్త్రి.

"పావుగంట పని! నీకిదో లెక్కా?" అనేసి రొట్టెలాయన వెళ్ళిపోయాడు.

రెండయింది. రెండున్నరయింది. ఆమె రాలేదు. ఎదురు కొట్లో దర్జీ, నోట్లో ఉన్న సూది తీసి మరీ, వీధి దాటేలా అరిచాడు.

"ఏం మేస్త్రీ, పొద్దుణ్ణించీ ఈగలు తోలుతున్నావు! పని మరిచిపోతావు, జాగ్రత్త!"

దర్జీకి ఏమీ తెలియదు. ఎవరో ఒకరిని ఏదో ఒకటి అనకపోతే ఆయనకి కుట్టు పడదు, అంతే. కానీ మేస్త్రి లేచి రొట్టెలాయన సైకిల్ని దుప్పటి వెనక్కి తోసుకెళ్ళాడు.

వంగిన పెడల్ని విప్పడం బాగానే సాగింది. ఎడమ పెడలు మర అన్నిటికీ వ్యతిరేకం. తొక్కేటప్పుడు దానంతటది ఊడకుండా అలా పెట్టారు. విప్పాలంటే బిగించినట్టు తిప్పాలి, బిగించాలంటే విప్పినట్టు. చేతులకి అది ఇంకా గుర్తుందని అతనికి చెప్పలేనంత సంతోషమేసింది. బల్ల కింద రెండు డబ్బాలున్నాయి, ఒకటి పాలపొడి డబ్బా, ఒకటి బిస్కెట్ల డబ్బా. రెంటిలోనూ పాత పెడళ్ళే. దగ్గరగా ఉన్న బిస్కెట్ల డబ్బాలోంచి, ఇరుసు చివర ఎడమ గుర్తు చూసుకుని, రబ్బర్లు దిట్టంగా ఉన్న పెడలొకటి తీశాడు. మరకి గ్రీజు రాసి, పెడల్ని మోసే క్రాంకు కడ్డీ బెజ్జం దగ్గర పెట్టాడు.

మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళకి లొంగని మరకి పానా పెట్టకూడదు. పెళ్ళయిన కొత్తలో, సరదాకి, ఆమెకి ఈ పని చూపిస్తూ తను చెప్పిన మాట. ఇప్పుడు తిప్పుతుంటే వేళ్ళు అతనికేమీ చెప్పలేదు. మందపాటి తొడుగులు వేసుకుని తడుముతున్నట్టుంది. మూడు చుట్లు పడ్డాయనే అనుకున్నాడు. పానా పెట్టాడు. మొండికేసింది. పాత క్రాంకు కదా, తుప్పుంటుందనుకుని పొడుగు పానా తీసుకుని ఒళ్ళంతా దాని మీద వేశాడు. ఇనుము ఒక్కసారి కీచుమని అరిచి లోపలికి పోయింది. తిప్పి చూస్తే పెడలు కాస్త ఊగింది. రబ్బరు వంకరై ఉంటుందిలే అని సరిపెట్టుకుని, సైకిల్ని బయటికి తోసి మిగతావాటి మధ్య పెట్టేశాడు. తను ఇరవై ఆరేళ్ళలో ఎవర్నీ అలా సరిపెట్టుకోనివ్వలేదన్నది అప్పుడు గుర్తురాలేదు.

మూడున్నరకి ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. పెద్ద డాక్టరు ఆలస్యంగా వచ్చాడట. చేతులు కడుక్కుంటూనే, "ఎవరన్నా వచ్చారా?" అంది.

"రొట్టెల బావ. గాలి కొట్టించుకున్నాడు," అన్నాడు మేస్త్రి. ఎందుకలా అన్నాడో అతనికే తెలియదు. రెండు రోజులు పోయాక నింపాదిగా చెప్పి, "చూశావా మరి?" అందామని ఉంది.

ఆమె దుప్పటి వెనక ఎవరిదో చక్రం ముందేసుకుని కూర్చుంది. రొట్టెలాయన వచ్చి సైకిలు తీసుకెళ్ళడం ఆమె చూడలేదు. మర్నాడు సాయంత్రం ఆయన వీధిలోంచి దూసుకుపోతూ, "రాయిలా ఉంది బావా!" అని కేకేశాడు. ఆ రాత్రి మేస్త్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఏమిటి సంగతని ఆమె అడిగితే ఏమీ లేదన్నాడు.

మూడో రోజు పొద్దున్న ఆమె ఆసుపత్రికి బయల్దేరుతుండగా రొట్టెలాయన భార్య సైకిలు తోసుకుంటూ వచ్చింది. సైకిలు వెనకున్న రొట్టెల రేకుపెట్టె ఒక పక్కంతా నొక్కుకుపోయింది. ఎడమవైపు క్రాంకుకి పెడలు లేదు. అది రొట్టెలాయన భార్య చేతిసంచిలో ఉంది.

"వంతెన దిగువలో ఊడిపోయిందన్నయ్యా. పెట్టె నిండా రొట్టెలు. నడిరోడ్డు మీద పడ్డారు. వెనక వ్యానువాడు బ్రేకు తొక్కబట్టి మనిషి దక్కారు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉండాలట," అంటూ సంచిలోంచి పెడలు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ చేసుకోవలసి వచ్చిందామెకి.

మేస్త్రి భార్య ముందుగా పెడలు తీసుకుంది. మర మీద గోరు నడిపించింది. తర్వాత వంగి క్రాంకు బెజ్జంలోకి చూసింది. బెజ్జంలో మర అడ్డదిడ్డంగా, వంకరగా కోసుకుపోయి ఉంది. తల ఎత్తి మొగుడి వైపు ఒక్కసారి చూసింది. అంతే.

"ఎవరు బిగించారన్నయ్యా ఇది?" అంది రొట్టెలాయన భార్య.

నేనే అన్న మాట అతని నోటిదాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా అక్కడిదాకా అతనిది తప్పు కాదు. కానీ ఈలోగా మెళ్ళో టేపుతో దర్జీ వీధి దాటి వచ్చేశాడు.

"మేస్త్రి చెయ్యి అలా పోదమ్మా! చెప్పకూడదు గానీ, లోపల ఈవిడ పానాలు పట్టుకుని తిప్పుతుంటే కళ్ళారా చూశాన్నేను. గాలికి ఆ దుప్పటి లేచినప్పుడల్లా కనిపిస్తుంది. మొన్న మధ్యాహ్నం కూడా ఉంది. సాయం చేస్తోందిలే అనుకున్నాను గానీ, ఇలా బళ్ళు బిగించేస్తోందనుకోలేదు."

రొట్టెలాయన భార్య ఆమె వైపు తిరిగింది. "నువ్వా వదినా?"

ఆమె పెడల్ని బల్ల మీద పెట్టి, చేతికంటిన గ్రీజు నెమ్మదిగా గుడ్డకి తుడుచుకుంది.

"నేనే వదినా. తొందరలో చూసుకోలేదు. పొరపాటైపోయింది. సైకిలు ఇక్కడ ఉంచెయ్యి, మొత్తం బాగుచేయించి ఇస్తాం."

"చేయించి" అంది, చేసి అనలేదు. మేస్త్రి ఏమీ అనలేదు. ఈ వీధిలో ఆమె పని గురించి నలుగురూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి. అది కూడా ఆమె చెయ్యని పని గురించి.

వాళ్ళు వెళ్ళాక అతను తేలు కుట్టిన దొంగలా స్టూలు మీదే కూర్చుండిపోయాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

"ఏ డబ్బాలోది తీశావు?" అంది.

"బిస్కెట్లది."

"అవి వేసేవి కావు. మర అరిగినవి. రబ్బర్లకీ, బేరింగు గుళ్ళకీ విప్పుకోవడానికి దాచాను. వేసేవి పాలపొడి డబ్బాలో ఉంటాయి."

"నాకేం తెలుసు?"

"అడిగితే చెప్పేదాన్ని."

కాసేపటికి అతను అడిగాడు. "నువ్వెందుకు నెత్తినేసుకున్నావు?"

"మరేం చెయ్యను? నీ వేళ్ళ సంగతి చెప్పమంటావా? చెబితే రేపట్నించి ఒక్క సైకిలు గడప తొక్కదు. నేనన్నాననుకో, తప్పు నాదవుతుంది, చెయ్యి నీదే ఉంటుంది. కొట్టు నడుస్తుంది." అలా లెక్క తేల్చేసి చెప్పులేసుకుని చెల్లెలి దగ్గరికి వెళ్ళింది.

ఆమె లెక్క తప్పింది. కొట్టు నడిచింది గానీ అనుకున్నట్టు నడవలేదు. మర్నాడు లెక్కల మాస్టారు సైకిలు తెచ్చి, తొక్కినప్పుడల్లా కుడి క్రాంకు టక్కుటక్కుమంటోందన్నారు. క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులైతే అలాగే కొట్టుకుంటుంది. పిన్ను ఊడగొట్టి, ఆకురాయితో దాని చదును భాగం సరిచేసి, మళ్ళీ కొట్టి బిగించాలి.

"సాయంత్రం రండి మాస్టారూ," అన్నాడు మేస్త్రి.

"వద్దు. లోపలికి తీసుకెళ్ళొద్దు. ఇక్కడే, నా ఎదురుగా నువ్వే చెయ్యి. ఏమనుకోకు, రొట్టెలాయన సంగతి విన్నాను," అని మాస్టారు స్టూలు లాక్కుని చేతులు కట్టుకు కూర్చున్నారు, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు.

దుప్పటి వెనకనుంచి ఆమె, "ఇదిగో, నీకు ఫోనొచ్చింది," అంది.

"తర్వాత మాట్లాడతాడులేమ్మా," అన్నారు మాస్టారు.

మేస్త్రి సుత్తి తీసుకున్నాడు. ఎడమచేత్తో పిన్ను పట్టుకుని కొట్టాడు. రెండు దెబ్బలు సరిగ్గానే పడ్డాయి. మూడోది, నాలుగోది, ఐదోది కూడా సరిగ్గా పడ్డాయనే అనుకున్నాడు. మాస్టారు "అయ్యయ్యో!" అని లేచి నిలబడేదాకా అతను చూసుకోలేదు. బొటనవేలి గోరు చితికి పిన్నంతా రక్తమయింది. అతని మొహంలో మాత్రం మార్పేమీ లేదు. తాపీగా ఇంకో దెబ్బకి సుత్తి ఎత్తి ఉన్నాడు.

"ఎంత ఓర్పయ్యా నీకు!" అన్నారు మాస్టారు. ఇంత ఓర్పున్న మనిషిని అనుమానించినందుకు నొచ్చుకుని, సైకిలు వదిలి, రేపొస్తానని వెళ్ళిపోయారు.

వేలికి కట్టు కట్టాక ఆమె ఆ సైకిల్ని దుప్పటి వెనక్కి కాదు, ఇంకా లోపలికి, వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపేసింది. దుప్పటి వెనకది దర్జీకి కనిపిస్తుందిగా. పొయ్యికీ అలమారకీ మధ్య నేల మీద గోనెసంచి పరుచుకుని, ఒక మోకాలు మడిచి, చప్పుడు వీధిలోకి పోకుండా సుత్తికి గుడ్డ చుట్టి కొట్టింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి విన్నాడు. నాలుగేళ్ళ పాటు దుప్పటి వెనక పెట్టిన మనిషిని ఇప్పుడు తలుపు వెనక పెట్టాడు. అది తన వల్లేనని అతనికి తెలుసు. తెలిసి ఏం లాభం, సుత్తి చప్పుడు బయటికి వస్తోందేమోనని వీధి వైపు చూసింది కూడా తనే. అందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆ మర్నాడు రొట్టెలాయన్ని చూడ్డానికి వెళ్ళాడు. చెప్పెయ్యాలనే వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. రొట్టెలాయన మంచం మీద, చెయ్యి మెడకి వేలాడేసుకుని, అతన్ని చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మొహం అలా వేలాడేశావేం బావా? పడింది నేనా నువ్వా?" అని నవ్వి, నవ్వితే చెయ్యి కదిలి మూలిగాడు. "నిన్నేమీ అననులే. మూడేళ్ళ కిందట నా సైకిలు క్రాంకు ఇరుసు విప్పి, గుళ్ళన్నీ కడిగి వేశావు, గుర్తుందా? కొత్తది కొనక్కర్లేదు, పాతదే అటుదిటు తిప్పి వేస్తే ఇంకో ఐదేళ్ళొస్తుందన్నావు. ఈ రోజుకీ కిక్కురుమనదు. ఆ చేతికి దణ్ణం పెట్టాలి."

అటుదిటు తిప్పొచ్చన్నది ఆమె కనిపెట్టింది. ఆమె లోపల్నుంచి చెబితే అతను బయట చెప్పాడు.

"బావా, ఆ పెడలు..." అని మొదలుపెట్టాడు మేస్త్రి.

"పోనీలే ఆ మాట. చెల్లెమ్మకి ఏదో సాయం చేద్దామని ఉంటుంది. కానీ చూడు, మా ఇంట్లో అందరి తిండీ ఆ రెండు పెడళ్ళ మీదే ఉంది. రెండు వీధులవాళ్ళు అప్పుడే వేరేవాళ్ళ దగ్గర రొట్టెలు తీసుకుంటున్నారట. సోమవారం వచ్చి సైకిలు తీసుకుంటాను. తొక్కలేకపోతే తోసుకుంటూనే తిరుగుతాను. దాన్ని నువ్వే బిగించు. ఇంక ఆమెని ముట్టుకోనివ్వకు. నా మీద ఒట్టు."

మేస్త్రి తల ఊపాడు. ఊపాక తెలిసింది ఊపానని. రొట్టెలాయన భార్య ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, కూర్చుకున్న మాటలన్నీ కడుపులోనే పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆదివారం ఆమె వంటింట్లో రొట్టెలాయన సైకిలు ముందేసుకుంది. మర పోయిన క్రాంకు ఇంక పనికిరాదు. ఎప్పుడో పాత ఇనుముకి వచ్చిన సైకిలుది ఎడమ క్రాంకు ఒకటి ఆమె దాచి ఉంచింది. దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకి, బెజ్జంలో మరని పాత పళ్ళబ్రష్షుతో తోమింది. కాటర్ పిన్నుని ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, పెట్టి చూసి, మళ్ళీ తీసి రెండు రుద్దింది. రెండు క్రాంకులూ ఒకే గీతలో ఉన్నాయా లేవా అని నేల మీదికి వంగి, ఒక కన్ను మూసి చూసింది. పాలపొడి డబ్బాలోంచి పెడలు తీసింది. దానికి రబ్బరొకటి లేదు. బిస్కెట్ల డబ్బాలోంచి, ఆ రోజు ఊడిన పెడలుదే, రబ్బరు తీసి దీనికి తొడిగింది. మంచి రబ్బరు, పారేయడమెందుకు అంది. మేస్త్రి గోడకానుకుని కూర్చుని అంతా చూశాడు. పనంతా తన దగ్గర నేర్చుకుందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు. ఒక కన్ను మూసి చూడటం మాత్రం అతనెప్పుడూ నేర్పలేదు.

"ఎడమ పెడలు బిగించకు. రేపు వాళ్ళ ఎదురుగా వేద్దాం," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. "చెబుతావా?"

"చెబుతాను."

"ఇప్పుడా? అయిదు రోజులు నా పేరు వీధంతా తిరిగొచ్చాకా?"

ఆమె పెడల్ని కాగితంలో చుట్టి సైకిలు పక్కన పెట్టింది.

సోమవారం తొమ్మిదింటికి రొట్టెలాయన నడిచి వచ్చాడు. కబుర్ల కోసం దర్జీ కూడా వచ్చాడు. మేస్త్రి సైకిల్ని కొట్టు ముందు ఎండలో స్టాండెక్కించాడు. ఆమె దుప్పటి పక్కన నిలబడింది.

"బావా," అన్నాడు మేస్త్రి. "ఆ రోజు పెడలు బిగించింది నేను. ఆమె కాదు. ఆమె ఇంట్లోనే లేదు."

రొట్టెలాయన అతని వైపు చూశాడు. దర్జీ వైపు చూశాడు. ఇద్దరూ నవ్వారు.

"మా ఆవిడ నిన్ననే అంది, అన్నయ్య ఇలాగే అంటాడు చూడండీ అని. పెళ్ళాం మీద మాట పడనివ్వడు, తన మీదే వేసుకుంటాడని!"

"మనసున్న మనిషి. మా ఇంట్లో అయితే నేను చేసిన తప్పులకి కూడా నా పెళ్ళాన్నే తిడతాను," అన్నాడు దర్జీ, భుజం తట్టి.

మేస్త్రికి అబద్ధమాడినన్నాళ్ళూ మంచి పేరే వచ్చింది. నిజం చెబితే ఇంకా మంచి పేరొచ్చింది. ఆమె వైపు చూశాడు. ఆమె మొహంలో ఆశ్చర్యం కూడా లేదు. ఇదిలాగే ఉంటుందని ఆమెకి ముందే తెలుసేమో.

అతను కింద కూర్చున్నాడు. కాగితం విప్పి పెడలు తీశాడు. వేలికున్న కట్టు విప్పి పక్కన పడేశాడు.

"చూడండి," అని ఇరుసుని క్రాంకు బెజ్జం దగ్గర పెట్టాడు.

తిప్పాడు. పెడలు చేతిలోంచి జారి కింద పడింది. తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఎండ పెడలు మీద సూటిగా పడుతోంది. దాచడానికి నీడ కూడా లేదు. మూడు చుట్లు తిప్పి, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎక్కిందా?"

ఇద్దరూ పెడలు వైపు వంగి చూశారు.

"ఎక్కిందా బావా? నిజంగానే అడుగుతున్నాను. నాకు తెలియడం లేదు."

"వంకరగా ఉంది మేస్త్రీ," అన్నాడు చివరికి దర్జీ, నెమ్మదిగా. "నాకే కనిపిస్తోంది."

"మీకు కనిపిస్తుంది. లోపల చీకట్లో నాకు కనిపించలేదు. వేళ్ళకి తెలియాలి, నా వేళ్ళకి తెలియదు. నాలుగేళ్ళయింది. ఆ రోజు ఇలాగే పెట్టి, పొడుగు పానాతో తొక్కిపెట్టి బిగించాను." చేతులు రెండూ తిప్పి చూపించాడు. చితికిన గోరు నల్లగా ఉంది. "ఇది చితికినప్పుడు కూడా తెలియలేదు. మాస్టారు ఓర్పనుకున్నారు."

రొట్టెలాయన కట్టున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని సైకిలు వైపు చూశాడు.

"అయితే ఆ ఇరుసు?" అన్నాడు.

"ఆమే."

"అటుదిటు తిప్పింది?"

"ఆమే."

"మొన్న వేసవిలో వెనక చక్రం?"

"నాలుగేళ్ళుగా నీ సైకిలు మీద నేను చేసింది ఆ ఒక్క పెడలే."

రొట్టెలాయన మొహం ఎర్రబడింది. తిడతాడనుకున్నాడు మేస్త్రి. తిట్టడానికి సిద్ధంగా ఉన్నాడు, తిడితే తల వంచుకుందామనుకున్నాడు. ఆయన ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. "మా ఇంటికొచ్చి, నా మంచం మీద కూర్చుని, తల ఊపావు," అన్నాడంతే. బావా అనలేదు.

ఆమె వచ్చి మొగుడి చేతిలోంచి పెడలు తీసుకుంది. మరని చీరకొంగుతో తుడిచింది. గోరు నడిపింది. బెజ్జం దగ్గర పెట్టి, ముందు ఒక చుట్టు అటువైపు, మర కలిసేదాకా, తర్వాత రెండు వేళ్ళతో ఇటువైపు తిప్పింది. ఒకటి. రెండు. మూడు. పెడలు చెప్పిన మాట విన్నట్టు లోపలికి నడిచింది. చిన్న పానాతో చివర ఒక్క పట్టు పట్టి లేచింది. మేస్త్రి సైకిలు కదలకుండా వెనక చక్రం పట్టుకున్నాడు. అతనికి మిగిలిన పని అదే.

రొట్టెలాయన కుడిచేత్తో పెడల్ని గిర్రున తిప్పి, అది ఆగేదాకా చూశాడు. ఊగలేదు. చప్పుడు లేదు.

"మేస్త్రీ, చైను కూడా వదులైనట్టుంది. ఒకసారి చూడు," అన్నాడు.

"ఆఁ," అంటూ మేస్త్రి అలవాటు కొద్దీ లేవబోయాడు. రొట్టెలాయన అతని వైపు చూడటం లేదు. ఆమె అప్పటికే చైను కింద వేలు పెట్టి ఎత్తి చూస్తోంది.

ఆ రోజు సాయంత్రానికి వీధంతా తెలిసింది. వస్తాయన్న రెండు సైకిళ్ళు రాలేదు. లెక్కల మాస్టారు మాత్రం వచ్చి, మొన్న బిగించిన కాటర్ పిన్ను ఎవరిదని అడిగి, ఆమెదని తెలుసుకుని, ఇంకోసారి తొక్కి చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళారు. ఆమె మెచ్చుకుంటుందనో, కనీసం మొహం తేటపడుతుందనో మేస్త్రికి లోపలెక్కడో ఆశ ఉండేది. ఆమె ముక్కాలిపీట ఎక్కి నీలం దుప్పటిని మేకుల్నించి లాగేసి, కత్తెరతో గాటు పెట్టి పేలికలు పేలికలుగా చింపి, చేతిగుడ్డలు చేసింది.

"ఆ రోజే, వదిన అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది," అంది చింపుతూనే.

"అవును," అన్నాడు.

గుడ్డముక్క ఒకటి తీసుకుని అతను బిస్కెట్ల డబ్బా ముందేసుకున్నాడు. ఒక్కొక్క పెడలూ తీసి గ్రీజూ మట్టీ తుడవడం మొదలుపెట్టాడు. మొదటిది తుడిచి ఆమె వైపు చాపాడు.

"ఇది వేసేదా, విప్పేదా?"

ఆమె తీసుకుని మర మీద గోరు నడిపింది.

"విప్పేది."

అతను దాన్ని పక్కన పెట్టి, ఇంకోటి తుడిచి, మళ్ళీ అడిగాడు.